గదిలో స్టూడియో పెట్టాక పాటకి ఏమైంది?

ఈసారి వచ్చిన ఉత్తరాలూ మెసేజీలూ దాదాపు అన్నీ ఇంట్లో రికార్డింగు గురించేనండి. కొన్ని సందేహాలు, కొన్ని తిట్లు, ఒకటి రెండు ఏడుపులు కూడా. పేరు వెయ్యొద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి అందరికీ ఊరు పేరే వేసేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ప్ర: మాస్టారూ, మా మేడ మీద గదిలో చిన్న సెటప్ పెట్టుకున్నాను. లాప్‌టాప్, మైకుని దానికి కలిపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేసు, ఒక కండెన్సర్ మైకు, అంతే. మన వైపు జానపదాలు చేసి యూట్యూబ్‌లో పెడుతుంటాను. మా నాన్నగారు భజన బృందంలో హార్మోనియం వాయిస్తారు. నేను ఒక్కో లైను విడివిడిగా పాడి అతికించడం చూసి "ఇది పాటేట్రా, గోడకి సినిమా పోస్టర్లు అంటించడమా" అంటున్నారు. ఆయన మాటలో న్యాయం ఉందంటారా? (రాజాం)

జ: సగం ఉంది నాయనా. ముందు లేని సగం చెప్పేస్తాను, నాన్నగారికి చదివి వినిపించు.

సౌండు సంగతి తీసుకుంటే మీ నాన్నగారి రోజులకంటే నీ గది లక్ష రెట్లు నయం. మన జిల్లాలో ఎవరైనా నాలుగు పాటలు రికార్డు చేసుకోవాలంటే విశాఖపట్నం పోవాలి, గంటకింత అని అద్దె కట్టాలి, వాయిద్యాల వాళ్ళకి దారి ఖర్చులు, భోజనాలు, ఇవన్నీ పెట్టుకోలేక పాట నోటిలోనే ఉండిపోయిన మనుషులు ఎంతమందో. ఇంట్లోనే ట్రాకులు ట్రాకులుగా రికార్డు చేసుకోవడం అన్నది 1979లో టాస్కామ్ వాళ్ళ పోర్టాస్టూడియోతో మొదలైందనుకోవచ్చు, మామూలు కేసెట్టు మీద 4 ట్రాకులు, మూడు నిండాయంటే వాటిని కలిపి నాలుగోదాంట్లోకి దింపి ఆ మూడూ ఖాళీ చేసుకోవాలి, అలా దింపినప్పుడల్లా టేపు "స్స్స్" మంటూ చప్పుడు పెరిగిపోయేది. ఇప్పుడు నీ ఇంటర్‌ఫేసులో 24 బిట్, లెక్క ప్రకారం అతి మెల్లటి చప్పుడు నుంచి అతి పెద్ద చప్పుడు దాకా 144 డెసిబెల్స్ రేంజి, వాడుకలో అంత రాకపోయినా 100 దరిదాపుల్లో ఉంటుంది, నీ గదిలో ఫ్యాను చప్పుడూ కింద వీధిలో ఆటో చప్పుడూ ఆ మిషను చప్పుడుని ఎప్పుడో మింగేస్తాయి. అంటే మిషను వల్ల క్వాలిటీ పోయింది అనే మాటే ఇక లేదు. అతికించడం కూడా నువ్వేం కనిపెట్టలేదు, టేపు వచ్చినప్పటి నుంచీ పెద్ద పెద్ద స్టూడియోల్లో బ్లేడుతో టేపు కోసి అతికించినవాళ్ళే అందరూ.

ఇక ఉన్న సగం. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేట్ల రోజుల్లో పది అంగుళాల ప్లేటుకి ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. మైనం మీద సూది గీసుకుంటూ పోతుంది, మధ్యలో తప్పు పోతే ఆ మైనం పారేసి మళ్ళీ మొదట్నుంచి. అందుకని మనిషి ఇంటి దగ్గరే తయారై వచ్చేవాడు, రాగం ఎక్కడ ఆపాలో పల్లవి ఎన్ని సార్లు పాడాలో గడియారం చూసి కొలుచుకుని వచ్చేవాడు. తర్వాత మద్రాసులో సినిమా పాటలు కూడా చాలా ఏళ్ళు అంతే, గాయని ఒక మూల, ఆర్కెస్ట్రా ఒక మూల, వెనక వరసలో ఒక్క ఫిడేలు జారితే అందరూ మళ్ళీ మొదట్నుంచి. మన విజయనగరంలో పుట్టిన సుశీలమ్మ పాటలు ఒకసారి ఆ ఊహతో విను, ఎంత మంది మధ్యలో నిలబడి పాడిందో తెలుస్తుంది.

అలాగని పాతవన్నీ బంగారం అనుకోకు, అప్పటి చెత్త ప్లేట్లు ఎవరూ దాచుకోలేదు కాబట్టి మనకి మంచివే మిగిలాయి.

నేననేది ఏంటంటే, పోయింది సౌండు కాదు, పక్కన మనిషి పోయాడు. స్టూడియోలో అద్దం అవతల రికార్డిస్టు ఉండేవాడు, సంగీత దర్శకుడు ఉండేవాడు, నువ్వు చరణం నీరసంగా పాడితే తబలా ఆయన మొహంలోనే తెలిసిపోయేది. నీ గదిలో పాడేదీ నువ్వే, రికార్డు చేసేదీ నువ్వే, "ఆహా" అనేదీ నువ్వే. నీ పాట లింకు పంపావు కదా, రెండో చరణం దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకుని విను. రెండో లైను చివర ఊపిరి పూర్తిగా అయ్యేలోగా మూడో లైను మొదలవుతుంది, ఒక మనిషికి రెండు ముక్కులున్నట్టు అక్కడ ఊపిరి మీద ఊపిరి పడింది. అది ఎడిట్‌లో సరిచేసుకోవచ్చులే, చిన్నదే. పెద్దది ఏంటంటే నాలుగు లైన్లూ ఒకే బలంతో ఉన్నాయి, ప్రతి లైనుకీ ముందు నీళ్ళు తాగి ఫ్రెష్‌గా పాడావు కాబట్టి. నిజంగా పాడేవాడికి నాలుగో లైనుకొచ్చేసరికి దమ్ము తగ్గుతుంది, దాన్ని దాచుకోడానికి ఎక్కడో ఒక మాట కొంచెం ముందుగా ఒగ్గేస్తాడు, ఇంకెక్కడో ఒక అక్షరాన్ని సాగదీస్తాడు, వినేవాడికి పాట అక్కడ పట్టుకుంటుంది.

కాబట్టి ఒక పని చెయ్యి. నాన్నగార్ని హార్మోనియంతో సహా మేడ ఎక్కించు. ఇద్దరూ ఒకే గదిలో, చెవిలో తాళం కొట్టే ఆ క్లిక్ లేకుండా, పాట మొత్తం ఆపకుండా రికార్డు చెయ్యండి. మాట జారిన చోట మాత్రమే తర్వాత అతుకు వేసుకో. ఆయన తిట్టే తిట్లు కూడా రికార్డవుతాయి, అవి తర్వాత తీసేద్దువుగాని.

ప్ర: నమస్కారం మాస్టారూ. మా పాప చిన్నప్పట్నుంచీ కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. తెలిసినవాళ్ళ ఇంటి స్టూడియోలో ఒక తోడి కీర్తన రికార్డు చేయించాం. గొంతు నున్నగా భలే ఉంది అని చుట్టాలందరూ అన్నారు కానీ పాప "అమ్మా ఇది నేను పాడినట్టు లేదు" అంటోంది, వాళ్ళ గురువుగారైతే విని ఇది తోడే కాదన్నారు. పాప బాగా పాడలేదా, స్టూడియో వాళ్ళు పాడుచేశారా? (శ్రీకాకుళం)

జ: పాపదేం తప్పు లేదమ్మా. ఫైలు పూర్తిగా విన్నాను, గొంతు మీద ఆటోట్యూన్ వేశారు, అదీ గట్టిగా వేశారు.

ఈ ఆటోట్యూన్ 1997లో వచ్చింది, తయారుచేసినాయన ఆండీ హిల్డెబ్రాండ్, అంతకుముందు ఆయన పని భూమిలో చమురు ఎక్కడుందో శబ్ద తరంగాల లెక్కలతో పసిగట్టడం. అదే రకం లెక్కని గొంతు మీద పెట్టి శ్రుతి ఎక్కడుందో పట్టుకుని పక్కనున్న స్వరానికి లాగుతాడన్నమాట. ఆ పక్కనున్న స్వరం అంటే మామూలుగా కీబోర్డు మీదున్న 12 మెట్లే. పాశ్చాత్య పాటకి అది చెల్లుతుంది. మన తోడిలో గాంధారం ఉంది చూశారా, అది ఒక చోట నిలబడే స్వరం కాదు, రిషభం వైపు నుంచి మధ్యమం దాకా ఊగుతూ ఉంటుంది, ఆ ఊగడమే గాంధారం. సాఫ్ట్‌వేర్‌కి ఏం తెలుసు పాపం, గొంతు ఒక చోట ఆగట్లేదు కాబట్టి అపశ్రుతి అనుకుని ఊగుతున్నదాన్ని పట్టుకుని ఒకసారి రిషభానికి ఒకసారి మధ్యమానికి అంటించేస్తుంది. జారు పోయింది, ముక్కలు మిగిలాయి. మీ ఫైలులో పల్లవి రెండోసారి వచ్చినప్పుడు గాంధారం దగ్గర "టక్ టక్" మని విరుగుతుంది, పాప చెప్పింది దాని గురించే. ఆ వయసులో అది పట్టుకుందంటే దాని చెవి బాగుందనే అర్థం.

ఇంకో తిరకాసు కూడా ఉంది. శ్రుతిపెట్టెలో మన గురువులు గొంతుని బట్టి ఫైన్ ట్యూన్ కాస్త అటూఇటూ తిప్పుతారు, ఐదు శ్రుతికీ ఐదున్నర శ్రుతికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం పాశ్చాత్యుల కొలత 440 హెర్ట్జ్ దగ్గరే కూర్చుంటుంది. అప్పుడు పాప శ్రుతిలో పాడినా గొంతు మొత్తాన్ని పక్కకి జరుపుతుంది, తంబురా మాత్రం ఉన్నచోటే ఉంటుంది, ఇక వినేవాళ్ళకి ఎక్కడో ఏదో బాలేదనిపిస్తుంది కానీ ఏంటో తెలీదు.

స్టూడియో వాళ్ళతో గొడవేం వద్దు, వాళ్ళు సినిమా పాటల అలవాటులో వేసేసి ఉంటారు. పాప గొంతు రా ట్రాకు, ఏమీ చెయ్యనిది, అడిగి తీసుకోండి, దాని మీద కొంచెం రివర్బ్, అంటే గది మోత లాంటిది, చాలు. ఈసారి వెళ్ళేముందే "ట్యూనింగ్ వద్దు" అని ఒక్క మాట చెప్పండి. ఒక్క స్వరం నిజంగానే తప్పిపోయి మళ్ళీ పాడించే వీలు లేకపోతే ఆ ఒక్క స్వరాన్నే చేత్తో సరిచెయ్యమనండి, ఆ పద్ధతి కూడా అందులోనే ఉంది, కాకపోతే ఓపిక కావాలి.

ప్ర: నేను పాడుతుంటే హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తోంది, లయ జారిపోతోంది. ఫ్రెండ్స్ నాకు లయజ్ఞానం లేదంటున్నారు. (పలాస)

జ: ఫ్రెండ్స్ మాట ఒగ్గేయండి, సాఫ్ట్‌వేర్‌లో బఫర్ సైజు చూడండి, అంటే సౌండుని ఒక్కసారికి ఎన్ని శాంపిల్స్ పోగేసుకుని పంపుతుందో ఆ అంకె. 1024 ఉంటే 44,100 శాంపిల్ రేటు దగ్గర ఒక వైపే 23 మిల్లీసెకన్లు, వెళ్ళిరావడం కలిపితే 50కి దగ్గర. ఎంత లయ ఉన్నవాడైనా తన గొంతు కోసం ఎదురుచూస్తూ పాడతాడు, పాట వెనక్కి పోతుంది. పాడేటప్పుడు 128 పెట్టండి, మిక్సింగులో మళ్ళీ పెంచుకోండి. లేదా ఇంటర్‌ఫేసు మీద డైరెక్ట్ మానిటర్ అనే బటన్ ఉంటే అది నొక్కండి, ఆలస్యమే ఉండదు. ఇది తెలీక "నాకు లయ రాదు" అనుకుని పాట మానేసినవాళ్ళు ఉన్నారు, పాడింది మొత్తం సాఫ్ట్‌వేర్‌లోని తాళం గీతలకి (గ్రిడ్) లాగించుకుని తృప్తిపడినవాళ్ళు ఇంకా ఎక్కువ మంది ఉన్నారు.

ప్ర: బాబూ, మాది తప్పెటగుళ్ళ బృందం, పదిహేను మందిమి. మా గుంటడొకడు ఇంట్లోనే రికార్డింగు పెట్టినాడు. చెవుల్లో టిక్కు టిక్కు మని ఏదో పెట్టి ఒకొక్కర్ని పిలిచి వాయించమన్నాడు. అన్నీ కలిపి ఇనిపిస్తే పేణం లేదు బాబూ. మాం గుడికాడ వాయిస్తే ఆడోళ్ళకి పూనకాలొస్తాయి, ఇది ఇంటే నిద్దరొస్తంది. ఏటి సేయమంటారు? (గజపతినగరం దగ్గర పల్లె)

జ: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదేనండి, ఫోన్లో చెప్తే మనవరాలు రాసిందట.

తప్పెటగుళ్ళు తెలీని పాఠకులకి రెండు ముక్కలు, గుండ్రటి తప్పెట ఛాతీ మీద కట్టుకుని రెండు చేతులతో వాయిస్తూ కాళ్ళకి గజ్జెలతో గెంతుతూ పాడతారు, మన ఉత్తరాంధ్రలో యాదవుల కళ. వాయించేవాడే పాడతాడు, పాడేవాడే ఆడతాడు. ఆ గుంటడు ఏం చేశాడు, కూర్చోబెట్టి వాయించమన్నాడు. కాలు ఆగితే చెయ్యి ఆగినట్టే కదా. గజ్జె చప్పుడు పక్కవాడి గజ్జెతో ఒక వెంట్రుకవాసి తేడాగా పడుతుంది, పదిహేను మందికీ ఆ తేడా ఉంటుంది, అలా పరుచుకున్న చప్పుడే గుంపు అనిపిస్తుంది. ఒక్కొక్కర్ని టిక్కుకి కట్టేస్తే పదిహేను మంది కలిసి ఒక్కడైపోతారు.

పైగా తప్పెటగుళ్ళు ఎత్తుకున్న వేగంలో ముగియవు. నెమ్మదిగా మొదలై ఊపెక్కి చివరికి ఉరుకులే. క్లిక్కు మొదట్నుంచి చివరిదాకా ఒకటే వేగం, ఇక పూనకం ఎక్కడ్నుంచి వస్తుంది? ఇది మీకొక్కరికే కాదు, ఇప్పుడొస్తున్న జానపదాల్లో సగం ఇలాగే చచ్చిపోతున్నాయి, పాడినవాళ్ళు గట్టివాళ్ళే.

మీ అబ్బాయిని తిట్టకండి, వాడి దగ్గర ఉన్న సామానుతోనే అయిపోతుంది. గదిలో వద్దు. కళ్ళమో బడి ఆవరణో, చుట్టూ కాంక్రీటు గోడలు లేని చోటు చూసుకోండి. తెల్లవారుజామున, బళ్ళు తిరగకముందు. మీరంతా మామూలుగా గుండ్రంగా నిలబడి ఆడండి, రెండు మైకులు ఒకే స్టాండు మీద మీకు ఏడెనిమిది అడుగుల దూరంలో, తల ఎత్తులో, ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ తిప్పి పెట్టమనండి. ముందు పాడేవాడికి కావాలంటే కాలరుకి చిన్న మైకు తగిలించొచ్చు. తప్పెట దెబ్బ ఒక్కసారిగా పడుతుంది కాబట్టి లెవెలు బాగా తగ్గించి పెట్టమనండి, గట్టి దెబ్బ కూడా మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా. 24 బిట్‌లో తర్వాత పెంచుకుంటే ఏం పోదు, పగిలిన సౌండు మాత్రం దేవుడు దిగొచ్చినా బాగుచెయ్యలేడు. క్లిక్కు అవతల పారెయ్యండి.

రికార్డింగు అయ్యాక ఫైలు నాకు పంపించండి, మీ మనవరాలితో.

ప్ర: బొబ్బిలి వీణ ఇంట్లో రికార్డు చేస్తే గిటారులా వస్తోంది, ఎందుకని? (విజయనగరం)

జ: కాంటాక్ట్ పికప్, అంటే వాయిద్యానికే అంటించే బుల్లి మైకు లాంటిది, అంటించి ఉంటారు. దానికి మీటు చప్పుడే పెద్దగా వినిపిస్తుంది, చెక్క వినిపించదు. మన గొల్లపల్లి పనివాళ్ళు ఒకే పనస దుంగని తొలిచి ఏకండీగా వీణ చేసేది ఎందుకు, ఆ చెక్క మోగడానికే కదా. పికప్ తీసేసి మైకుని కుడానికి (కుండలాంటి భాగానికి) అడుగున్నర దూరంలో, తీగలు ఆనే గుర్రానికి కొంచెం పైనుంచి పెట్టి చూడండి. ఫ్యాను ఆపండి. గోళ్ళ చప్పుడు ఎక్కువైతే మైకు నాలుగు అంగుళాలు మెట్ల వైపు జరపండి. ఇవేవీ పుస్తకం చూసి కుదరవు, ఒకరు వాయిస్తూ ఉంటే ఇంకొకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకు జరుపుతూ వినాలి.

ప్ర: సార్, సంగీత కళాశాలలో డిప్లొమా చేశాను. నాతో ఇంటర్ చదివినవాడు సరిగమలు కూడా రానివాడు సాఫ్ట్‌వేర్ నేర్చుకుని మ్యూజిక్ డైరెక్టర్ అని పోస్టర్ వేసుకుంటున్నాడు, షార్ట్ ఫిల్ములన్నీ వాడికే. నేను పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. ఇన్నేళ్ళ సాధన దండగేనా? (విజయనగరం)

జ: కడుపుమంట అర్థమైంది బాబూ. మీ కాలేజీ 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు చెప్పారు, ఆ తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఘంటసాలగారు ఆ ఊళ్ళో మధుకరం చేసుకుని తిండి తింటూ చదువుకున్నారు. ఇవన్నీ నీకు తెలిసినవే, గోడల మీద ఫోటోలు రోజూ చూసేవాడివి. కానీ ఒకటి గమనించావా, ఘంటసాలగారు డిగ్రీ పట్టుకుని సభల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు, అప్పటికి కొత్త టెక్నాలజీ అయిన సినిమా మైకు దగ్గరికి పోయి ఆ మైకుకి తగ్గట్టు పాడటం నేర్చుకున్నారు.

నీ స్నేహితుడికి తెలిసింది నువ్వు ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు. నీకు తెలిసింది వాడికి ఆరేళ్ళు. రీపర్ అని ఒక రికార్డింగు సాఫ్ట్‌వేర్ ఉంది, చిన్న సంపాదనవాళ్ళకిచ్చే తగ్గింపు లైసెన్సు 60 డాలర్లు, ముందు రెండు నెలలు ఉత్తినే వాడి చూడొచ్చు. అది దింపుకో. మొహమాటం లేకుండా వాడి దగ్గరికే వెళ్ళి నేర్పమని అడుగు, బదులుగా వాడికి పది రాగాలు చెప్పు, నిజంగా అవసరం వాడికే, నిన్న మొన్న వాడు చేసిన పాటేదో విన్నాను, మోహన రాగంలో లేని నిషాదం పెట్టి పాడించాడు, పాడిన అమ్మాయి కూడా చెప్పలేదు, వీడూ కనుక్కోలేదు. కీబోర్డు లూపులో, అంటే ముందే చేసిపెట్టి తిప్పి తిప్పి వేసే ముక్కలో, ఆ స్వరం ఉంది కాబట్టి పడిపోయింది. పక్కన నువ్వుంటే ఆ నిషాదం పడేదా?

ప్ర: ఢోలక్ వాయిస్తాను. ఒకప్పుడు రికార్డింగు అంటే నలుగురం పోయేవాళ్ళం. ఇప్పుడు ఎవరినడిగినా లూపు ఉందిలే అంటున్నారు. మా సంగతేంటి? (ఆమదాలవలస)

జ: తీపి కబుర్లు చెప్పలేనండి. ఆ ఆదాయం మళ్ళీ అలా రాదు. డ్రమ్ మిషన్లూ, కీబోర్డులూ కంప్యూటర్లూ ఒకదాన్నొకటి వాయించుకునేలా కలిపే, 1983లో వచ్చిన మిడీ అనే పద్ధతీ మొదలుపెట్టిన పని లాప్‌టాప్ పూర్తి చేసింది, చవకగా ఇంట్లో పాట చేసుకోగలిగిన వెయ్యి మంది ఆనందంలో మీలాంటివాళ్ళ భోజనం కలిసిపోయింది, ఈ మాట ఎవరూ గట్టిగా అనరు. ఒక్క దారి కనిపిస్తోంది. లూపు ప్యాకుల్లో పంజాబీ ఢోలక్ ఉంటుంది, మన వైపు నడక ఉండదు, కోలాటానికి వేసేది, భజనకి వేసేది, గౌరమ్మ పాటలకి వేసేది. ఫోనుతోనైనా సరే మీ నడకలు రికార్డు చేసి పెట్టుకోండి, జానపదాలు చేసే కుర్రాళ్ళకి పంపండి, ఉత్తినే మాత్రం పంపకండి. పాటకింత అని ముందే మాట్లాడుకుని, పాట మొత్తం విని దానికి వాయించి ఇస్తానని చెప్పండి. రాజాం అబ్బాయి నంబరు పత్రిక ఆఫీసులో ఉంది, ఇద్దరికీ ఇష్టమైతే కలుపుతాం.

ప్ర: నా పాట సినిమా పాటలంత గట్టిగా లేదు, ఎంత పెంచినా. (బొబ్బిలి)

జ: పెంచడం ఆపెయ్యండి. స్పాటిఫై మామూలుగా ఏ పాటనైనా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టితనం కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది, యూట్యూబ్ కూడా దాదాపు అంతే, మీరు నలిపి నలిపి పంపినా వాళ్ళు తగ్గించేస్తారు, నలిగిపోయిన డప్పు మాత్రం మీకు మిగులుతుంది.

ప్ర: పదిహేను వేలలో ఇంట్లో సెటప్ అవుతుందా? మెయిన్ రోడ్డు పక్క ఇల్లు. (నరసన్నపేట)

జ: అవుతుంది. రోడ్డు పక్కయితే కండెన్సర్ జోలికి పోకండి, అది బస్సు హారన్లు కూడా ప్రేమగా తీసుకుంటుంది. డైనమిక్ మైకు కొనుక్కుని నాలుగు వేళ్ళ దూరంలో పాడండి. మైకు, చిన్న ఇంటర్‌ఫేసు, మామూలు హెడ్‌ఫోను అయిపోయాక మిగిలిన డబ్బు దాచుకోండి, కొత్త మైకు మీద పెట్టొద్దు. గోడకి బొంతలు వేలాడదియ్యండి, బట్టల బీరువా తలుపు తెరిచి దాని వైపు మొహం పెట్టి పాడండి, రాత్రి పదకొండు దాటాక.

వచ్చే నెలకి పాటలు పంపేవాళ్ళకి ఒక మాట. వాట్సాప్‌లో ఆడియో బటన్ నొక్కి పంపితే అది సౌండుని కుదించేస్తుంది, మైకు బాలేదో వాట్సాప్ బాలేదో నాకు తెలీట్లేదు. వేవ్ ఫైలుని డాక్యుమెంటుగా జతచేసి పంపండి. పాటతో పాటు ఒక్క లైను రాయండి, మొత్తం ఒక్కసారిగా పాడారా ముక్కలుగానా అని. ముక్కలుగా పాడినా ఏమీ అనను, తెలిస్తే ఎక్కడ వినాలో నాకు తెలుస్తుంది.